కిర్రు ఎక్కడిది? బండి చప్పుళ్ళను పట్టుకునే విధానం



మన హాస్టల్లో ఎవరైనా ఇనప మంచం మీద పక్కకి తిరిగితే గది మొత్తానికి తెలిసిపోతుంది. వంటశాల తలుపు కిర్రుమంటే చాలు, గంట కొట్టకుండానే పళ్ళేలు పట్టుకుని లైను కట్టేస్తాం. ఈ చప్పుళ్ళకి మనం అలవాటు పడిపోయాం. కాని సెలవులకు ఇంటికి పోయేటప్పుడు ఎక్కే జీపు, కారు, వ్యాను చేసే చప్పుడు సంగతి వేరు. మంచం కిర్రుమంటే నిద్ర చెడుతుంది, అంతే. ఘాట్ రోడ్డు మీద బండి కిర్రుమంటే, అది ఊరికే కిర్రుమంటోందా, లేక మనకి ఏదైనా చెబుతోందా అన్నది తెలియాలి.

మనలో కారు ఉన్నవాళ్ళు ఎవరూ లేరు గదా, ఈ వ్యాసం మనకెందుకు అని కొందరు అనవచ్చు. కారు లేకపోయినా కార్లలో, జీపుల్లో కూర్చునేది మనమే. పదో తరగతి అయ్యాక ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్ కోర్సు చదవాలనుకునే వాళ్ళు కూడా మనలో ఉన్నారు. అది రెండేళ్ళ కోర్సు. ఆ పనిలో మొదట కావలసింది పానా పట్టడం కాదు, చెవి పెట్టడం.

చప్పుడు ఎలా పుడుతుంది?

నల్లబల్ల దగ్గరికి వెళ్ళి సుద్దముక్కను నిలువుగా పట్టుకుని గీయండి. చెవులు మూసుకునేంత కీచుమంటుంది. ఇప్పుడు అదే సుద్దను ఏటవాలుగా, ముందుకి తోస్తున్నట్టుగా గీయండి. కొన్నిసార్లు గీతకు బదులు చుక్కలు చుక్కలుగా పడుతుంది. ఆ చుక్కలను బాగా చూడండి, బండి కిర్రు రహస్యం అంతా అందులోనే ఉంది.

సుద్ద బల్లను పట్టుకుంటుంది. మనం తోస్తాం. పట్టు విడిపోయి సర్రున జారుతుంది. మళ్ళీ పట్టుకుంటుంది, మళ్ళీ జారుతుంది. పట్టుకున్న చోట చుక్క పడుతుంది, జారిన చోట ఖాళీ మిగులుతుంది. ఇదే పని సెకనుకు కొన్ని వందలసార్లు, వేలసార్లు జరిగితే గాలి కూడా అన్నిసార్లు అదురుతుంది. అదే మనకు కీచుమని వినిపిస్తుంది.

ఘర్షణ పాఠంలో స్థైతిక ఘర్షణ, జారుడు ఘర్షణ అని చదువుకున్నాం. ఆగి ఉన్న వస్తువును కదిలించడానికి కావలసిన బలం, కదిలిన తర్వాత జరపడానికి కావలసిన బలం కంటే సాధారణంగా ఎక్కువ. ధాన్యం బస్తాను ఈడ్చినవాళ్ళకి ఇది పుస్తకం చూడకుండానే తెలుసు. ఈ రెండింటి మధ్య తేడా ఎంత ఎక్కువగా ఉంటే కిర్రు అంత ఎక్కువ. ఫ్రాన్సు దేశపు కూలుంబ్ 1785లో ఘర్షణ మీద తన పరిశోధనలు ప్రచురించాడు. విద్యుత్ పాఠంలో వచ్చే కూలుంబ్ ఇతనే.

కనుక ఒకటి గుర్తు పెట్టుకోండి. కిర్రుమంటోంది అంటే రెండు వస్తువులు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి, వాటి మధ్య కదలిక ఉంది. ఆ రెండూ ఏవో తెలిస్తే సగం పని అయినట్టే.

బండి ఒళ్ళు ఎందుకు కదులుతుంది?

బండి పైకి ఇనప పెట్టెలా గట్టిగా కనబడుతుంది. నిజానికి కారు ఒంటి రేకు చాలాచోట్ల ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు. అలాంటి రేకులను వేలకొద్దీ వెల్డింగు చుక్కలతో అతికిస్తారు. తలుపులు, బోనెట్, డిక్కీ బందుల మీద వేలాడతాయి. లోపల ప్లాస్టిక్ ముక్కలను క్లిప్పులతో గుచ్చుతారు. అద్దాల చుట్టూ, తలుపుల చుట్టూ రబ్బరు పెడతారు.

ఇప్పుడు మన రోడ్లు తలుచుకోండి. ముందు ఎడమ చక్రం గోతిలో దిగింది, వెనక కుడి చక్రం రాయి ఎక్కింది. అప్పుడు బండి ఒళ్ళు తడిబట్ట పిండినట్టు కొంచెం మెలి తిరుగుతుంది. కంటికి కనబడేంత కాదు, కాని చెవికి వినబడేంత. తలుపు తన చట్రంలో రవ్వంత జరుగుతుంది. డాష్‌బోర్డు పక్క ముక్కతో రాసుకుంటుంది. ఒక కాలు పొట్టిదైన మంచం మీద కూర్చుని ఊగితే మూలలన్నీ కిర్రుమన్నట్టే ఇదీను.

జీపు, బొలెరో లాంటి బళ్ళకు కింద ఛాసిస్ వేరు, పైన బాడీ వేరు. రెంటి మధ్యా రబ్బరు దిమ్మలు పెట్టి బోల్టులతో బిగిస్తారు. మారుతి 800 లాంటి చిన్న కార్లలో వేరే ఛాసిస్ ఉండదు, ఒళ్ళే ఎముకల గూడు. ఆ కారు 1983లో వచ్చి 2014లో తయారీ ఆగిపోయింది. అంబాసిడర్ తయారీ కూడా 2014లోనే ఆగింది. దాని మీద పాత హాస్యం ఒకటుంది: “దీంట్లో హారన్ తప్ప అన్నీ మోగుతాయి” అని. ఇప్పుడు కరెంటు కార్లు వచ్చాయి. వాటికి ఇంజను మోత లేదు కాబట్టి చిన్న కిర్రు కూడా పెద్దగా వినబడుతుంది. పెద్ద కంపెనీలు కారును నాలుగు చక్రాల కింద కదిలే దిమ్మల మీద నిలబెట్టి, కావాలని కుదిపి ఎక్కడ చప్పుడు వస్తోందో వెతుకుతాయి. ఆ పనే మనం చేతులతో చేయవచ్చు.

మొదట చప్పుడుకి పేరు పెట్టండి

కడుపు నొప్పి అని నర్సమ్మ దగ్గరికి వెళితే ఆమె వెంటనే మాత్ర ఇవ్వదు. ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి, తిన్నాకా తినక ముందా అని అడుగుతుంది. బండికి కూడా అంతే.

కిర్రు, కీచు: రెండు వస్తువులు రాసుకుంటున్నాయి.
గలగల, లొడలొడ: ఏదో వదులైంది, కొట్టుకుంటోంది.
జుయ్‌మని గొణుగు: పలుచని రేకో ప్లాస్టికో అదురుతోంది.
టక్, ఠక్: బరువైనది ఏదో ఒక్కసారి జరిగి ఆగింది.

తర్వాత ఎప్పుడు వస్తుందో రాసుకోండి. గోతిలో దిగినప్పుడా, మలుపు తిరిగినప్పుడా, బ్రేకు వేసినప్పుడా? తెల్లవారుజామున చలిలోనా, మిట్టమధ్యాహ్నం ఎండలోనా? వాన పడితే తగ్గుతుందా? బండి నిండా జనం ఉన్నప్పుడా, ఖాళీగా ఉన్నప్పుడా? లంబసింగి వైపు శీతాకాలపు చలికి రబ్బరు బిగుసుకుని కిర్రుమంటుంది. కాస్త ఎండెక్కితే అదే రబ్బరు మెత్తబడి ఊరుకుంటుంది. ఎండాకాలం డాష్‌బోర్డు ప్లాస్టిక్ వ్యాకోచించి కొత్తచోట రాసుకుంటుంది. వాన తడికి ఆగిపోయే కిర్రు అయితే తడి తగిలే చోటనే, అంటే బయటో, అడుగునో ఉందని అనుమానించాలి.

పట్టుకునే పద్ధతి

1. బండిని ఖాళీ చేయండి. సీటు కింద జాకీ, పానాలు, నీళ్ళ సీసా, డాష్‌బోర్డు అరలో చిల్లర, అన్నీ దించేయండి. స్టెపినీ చక్రం బిగించి ఉందో లేదో చూడండి. చాలా చప్పుళ్ళు ఇక్కడే అయిపోతాయి. బండిని విప్పి చూసిన తర్వాత చివరకి సీటు కింద జాకీ రాడ్డు దొరికితే నవ్వులపాలు అవుతాం.

2. ఇద్దరు ఉండాలి. నడిపేవాళ్ళు రోడ్డు చూడాలి, వినేవాళ్ళు వేరే ఉండాలి. నడిపేవాళ్ళే పక్కకి వంగి వెతకడం ప్రమాదం. ఒకే రోడ్డు మీద, ఒకే వేగంతో రెండు మూడుసార్లు నెమ్మదిగా తిప్పండి. వినేవాళ్ళు ఒకసారి ముందు, ఒకసారి వెనక కూర్చోవాలి. చప్పుడు మన చెవిని మోసం చేస్తుంది. ఇనుములో ధ్వని సెకనుకు సుమారు 5,000 మీటర్లు పోతుంది, గాలిలో సుమారు 340 మీటర్లే. వెనక పుట్టిన కిర్రు రేకు వెంట పరుగెత్తి ముందు వినబడవచ్చు.

3. బండిని ఆపి ఊపండి. చదునైన చోట నిలిపి, ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టండి. ఒకరు బంపరు మీద చేతులు వేసి ఒక్కో మూలా కిందికి నొక్కి వదలాలి. జీపయితే వెనక మెట్టు మీద నిలబడి ఊగవచ్చు. ఇంకొకరు వినాలి. నాలుగు మూలల్లో ఏ మూల అరుస్తుందో తెలిసిపోతుంది.

4. చెవి గొట్టం వాడండి. 1816లో ఫ్రాన్సులో లెనెక్ అనే డాక్టరు కాగితం చుట్ట చుట్టి రోగి గుండె విన్నాడు. స్టెతస్కోపు అలా పుట్టింది. మనం రెండు మూడు అడుగుల రబ్బరు పైపు ముక్క తీసుకుని ఒక కొస చెవి దగ్గర, ఒక కొస అనుమానం ఉన్న చోట పెట్టాలి. ఇంకొకరు బండిని ఊపుతుండగా పైపును జరుపుతూ పోవాలి. ఎక్కడ గట్టిగా వినబడితే అక్కడే దొంగ. ఇంజను తిరుగుతుంటే మాత్రం ఫ్యాను, బెల్టు దగ్గరికి పైపు గాని, చెయ్యి గాని, చున్నీ గాని పోనివ్వకూడదు.

5. నొక్కి చూడండి. లోపలి ప్లాస్టిక్ ముక్కలను అరచేత్తో ఒక్కొక్కటిగా నొక్కి పట్టండి. ఏది పట్టుకుంటే చప్పుడు ఆగిందో అదే. లేకపోతే మడత పెట్టిన కాగితం ముక్కను సందులో దూర్చి మళ్ళీ తిప్పి చూడండి.

6. నీళ్ళు చల్లండి. అడుగున కమాను బుష్‌లు, బయటి రబ్బర్ల మీద ఒక్కోదాని మీద కొంచెం కొంచెం నీళ్ళు చల్లి బండిని ఊపాలి. ఒకదాని మీద చల్లగానే కిర్రు ఆగితే జాడ దొరికినట్టే. అన్నిటి మీదా ఒకేసారి చల్లితే ఏదో తెలియదు. నీళ్ళు మందు కాదు, పరీక్ష మాత్రమే.

7. కంటితో చూడండి. రాసుకునే చోట రంగు పోయి ఇనుము మెరుస్తుంది. వదులైన బోల్టు చుట్టూ ఎర్రటి తుప్పు పొడి రాలి ఉంటుంది. దుమ్ము లేని శుభ్రమైన గీత కనబడితే అక్కడ కదలిక ఉన్నట్టు.

ఎక్కడెక్కడ ఉంటుంది? ఏం చేయాలి?

మందులు మూడే. వదులైనది బిగించాలి. రాసుకునే రెంటి మధ్య మెత్త పెట్టాలి. కదలవలసిన చోట నూనె వేయాలి. ఏ చోట ఏది అన్నదే తెలివి.

తలుపులు: తలుపును సగం తెరిచి చివర పట్టుకుని పైకి కిందికి ఎత్తి చూడండి. ఊగితే బందుల పిన్నులు అరిగాయి. బిగుతుగా ఉండి కిర్రుమంటే శుభ్రం చేసి రెండు చుక్కల ఇంజనాయిలు వేసి పదిసార్లు తెరిచి మూయండి. స్తంభానికి ఉండే తాళం కొక్కెం చాలామంది మర్చిపోతారు. గోతుల్లో వచ్చే కటకట శబ్దం తరచుగా దానిదే. తుడిచి పలుచగా గ్రీజు రాస్తే సరిపోతుంది.

తలుపు చుట్టూ రబ్బరు ఆనుతోందో లేదో తెలియాలంటే రబ్బరు మీద సుద్ద రాసి తలుపు మూసి తెరవండి. చట్రం మీద సుద్ద అచ్చు పడని చోట రబ్బరు ఆనడం లేదు. కాగితం ముక్క పెట్టి తలుపు మూసి లాగినా తెలుస్తుంది. ఊరికే వచ్చేస్తే అక్కడ సందు ఉంది. రబ్బరును సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టి, సిలికాన్ గ్రీజు పలుచగా రాయాలి. అది దొరక్కపోతే కొంచెం ముఖం పౌడరు అద్దినా కొన్నాళ్ళు ఊరుకుంటుంది.

వానాకాలంలో తలుపు లోపల గలగల నీళ్ళ చప్పుడు వస్తే తలుపు అడుగున ఉండే చిన్న కన్నాలు మట్టితో మూసుకుపోయాయని అర్థం. చీపురు పుల్లతో తీస్తే నీళ్ళు కారిపోతాయి. తీయకపోతే తలుపు లోపల్నుంచి తుప్పు పడుతుంది.

బోనెట్, డిక్కీ: వీటి మూలల్లో చిన్న రబ్బరు గుబ్బలు ఉంటాయి. కొన్ని మర చుట్టి ఎత్తు పెంచే రకం. అవి అరిగినా ఊడినా రేకు మీద రేకు కొట్టుకుంటుంది. గుబ్బ ఎత్తు సరిచేస్తే లొడలొడ పోతుంది. తర్వాత బోనెట్ సరిగా తాళం పడుతోందో లేదో తప్పకుండా చూడాలి. పరుగులో బోనెట్ లేస్తే డ్రైవరుకి రోడ్డు కనబడదు.

డాష్‌బోర్డు: ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్ రాసుకుంటే మధ్యలో మఖమల్ గుడ్డ పేలికో, ఉన్ని ముక్కో పెట్టాలి. లోపల వదులుగా ఊగే వైర్లను టేపుతో కట్టాలి. క్లిప్పులను బలంగా లాగితే విరిగి కొత్త చప్పుడు మొదలవుతుంది. ఈ కాలపు బళ్ళలో స్టీరింగులో, డాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగు ఉంటుంది. దాని వైర్లు సాధారణంగా పసుపు రంగులో ఉంటాయి. అక్కడ మనం చెయ్యి పెట్టకూడదు, నేర్చుకున్న మెకానిక్కే చూడాలి.

సీట్లు: సీటు అటూ ఇటూ జరిగే పట్టాలో ఇసుక, వేరుశనగ తొక్కలు చేరతాయి. ఊడ్చి, తుడిచి, కొంచెం గ్రీజు రాయాలి. సీటు బోల్టులు వదులైతే వెంటనే బిగించాలి. బండి గుద్దుకుంటే సీటే ఊడి వస్తుంది. సీటు బెల్టు కొక్కెం స్తంభానికి తగిలి టకటకలాడితే దానికి మంచి మందు ఒకటే, బెల్టు పెట్టుకోవడం.

బాడీ బోల్టులు: జీపులో బాడీకి, ఛాసిస్‌కి మధ్య ఉండే రబ్బరు దిమ్మలు ఏళ్ళు గడిచాక నలిగి రాయిలా అయిపోతాయి. అప్పుడు గోతిలో దిగినప్పుడల్లా మూలుగుతుంది. బిగించి చూడాలి, రబ్బరు చచ్చిపోతే మార్చాలి. అతిగా బిగిస్తే కొత్త రబ్బరు కూడా చితుకుతుంది. బోల్టు పక్కన రేకు చిట్లితే వెల్డింగు చేయించాలి. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగ విప్పాలి.

కమానులు: జీపు వెనక కమాను అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు. బండి ఎగిరినప్పుడల్లా ఈ పట్టీలు ఒకదాని మీద ఒకటి జారుతాయి. మధ్యలో మట్టి, తుప్పు చేరితే కిర్రుమంటాయి. కమాను చివర కంతల్లో బుష్‌లు ఉంటాయి, అవి అరిగినా అరుస్తాయి. ముందు కడగాలి, తర్వాత చూడాలి, ఆఖరునే గ్రీజు.

నూనె గురించి నాలుగు మాటలు

మనవాళ్ళకి ఒక అలవాటు ఉంది. ఏది కిర్రుమన్నా నూనె పోసేస్తారు. కాని అన్ని చోట్లా అది పనికిరాదు.

మామూలు ఇంజనాయిలు, గ్రీజు చాలా రకాల రబ్బరును ఉబ్బించి పాడు చేస్తాయి. ఈ వారం కిర్రు పోతుంది, కొన్నాళ్ళకి రబ్బరే పోతుంది. రబ్బరుకి సిలికాన్ రకమే వాడాలి.

మన ఏజెన్సీ రోడ్ల ఎర్రదుమ్ము నూనెలో కలిస్తే అది కందెన కాదు, ఆకురాయి పొడి అవుతుంది. అందుకే దుమ్ము తగిలే కమానులకు నల్లటి గ్రాఫైటు కలిసిన గ్రీజు వాడతారు. పెన్సిలు ముల్లులో ఉండే గ్రాఫైటే అది. పొరలు పొరలుగా జారుతుంది.

డబ్బాలో కొట్టే డబ్ల్యు.డి.40 అనే మందు 1953లో అమెరికాలో తయారైంది. తడిని తోసేయడం కోసం చేసిన నలభయ్యో ప్రయత్నం ఫలించింది కాబట్టి ఆ పేరు. తుప్పు పట్టిన బోల్టు విప్పడానికి అది మంచిది. కాని త్వరగా ఆరిపోతుంది. బందుకి అది కొట్టి ఊరుకోకుండా తర్వాత నూనె వేయాలి.

ఇక బ్రేకుల మీద, బెల్టు మీద ఏ నూనె చుక్కా పడకూడదు. ఇది కొట్టి రాసుకోండి.

నోరు నొక్కకూడని చప్పుళ్ళు

మా ఊరి దారిలో సంత రోజున నడిచే ఒక పాత జీపు ఉండేది. వెనక కుడివైపు కిర్రు కిర్రుమనేది. “ఏటన్నా, అలా అరుస్తోంది?” అని ఎవరైనా అడిగితే డ్రైవరన్న, “ఏటీ కాదు, పాత బండి గదా, ముసలోళ్ళ మోకాళ్ళలాగ అరుస్తాది” అని నవ్వేవాడు. వారం వారం పాత ఇంజనాయిలు తెచ్చి కమాను మీద పోసేవాడు. రెండు రోజులు ఊరుకునేది, మళ్ళీ మొదలు.

ఒకరోజు టైరు మార్చడానికి షెడ్డుకి వెళితే అక్కడి ముసలి మెకానిక్ తాత ఆ నూనె, మట్టి అంతా కిరసనాయిలుతో కడిగించాడు. కడిగాక చూస్తే పై పట్టీకి, కంత పక్కనే, అడ్డంగా ఎర్రటి గీత ఉంది. అది గీత కాదు, పగులు. లోపల తుప్పు పట్టిందంటే పగిలి చాలా రోజులైందన్న మాట. తాత ఒకటే మాట అన్నాడట: “అది నీతో మాటాడతంటే నూనె పోసీసి నోరు మూసీసినావు రా బాబూ.”

కమానులో ఆ పై పట్టీయే ఇరుసును తన చోట నిలబెట్టేది. అది విరిగితే ఇరుసు పక్కకి జరుగుతుంది, బండి డ్రైవరు తిప్పిన వైపు కాకుండా ఇంకో వైపు లాగుతుంది. సంత నాడు ఆ జీపులో ఎంతమంది ఎక్కుతారో మీకు నేను చెప్పనవసరం లేదు. ఘాట్ మలుపులో అది విరిగి ఉంటే ఏమయ్యేదో కూడా చెప్పనవసరం లేదు.

కాబట్టి మిత్రులారా, కొన్ని చప్పుళ్ళను మాన్పించకూడదు, వెంటనే మెకానిక్‌కి చూపించాలి. అవి ఇవి:

బ్రేకు వేస్తే కీచు: చలి ఉదయం మొదటి రెండు మూడుసార్లు వచ్చి పోతే అది రాత్రి పట్టిన పలుచని తుప్పు. రోజంతా వస్తే చూపించాలి. చాలా కార్ల బ్రేకు ప్యాడ్లకు ఒక చిన్న రేకు పెడతారు. ప్యాడు అరిగిపోయేసరికి ఆ రేకు తగిలి కావాలనే కీచుమంటుంది. అది హెచ్చరిక గంట.

బ్రేకు వేస్తే గరగర: ప్యాడు పూర్తిగా అరిగి ఇనుము మీద ఇనుము రాస్తోంది. బండి ఆపేయాలి.

స్టీరింగు తిప్పితే కిర్రు లేక టక్: ముందు చక్రాల కీళ్ళు ఎండిపోయాయో, అరిగాయో అయి ఉండవచ్చు. కీలు ఊడితే చక్రం మన మాట వినదు.

వేగం పెరిగేకొద్దీ పెరిగే గుయ్యిమనే మోత: చక్రం బేరింగు అయి ఉండవచ్చు.

చక్రం తిరిగే కొద్దీ టక్ టక్: ముందు చక్రం నట్లు చూడాలి. టైరు మార్చిన తర్వాత వస్తే మరీ ముఖ్యం.

కిందటి వారం లేని చప్పుడు ఈ వారం వస్తే: అది ఏదైనా సరే, తెలుసుకునే వరకు వదలకూడదు.

ఇంకొక హెచ్చరిక. చప్పుడు వెతకడానికి జాకీ మీద మాత్రమే నిలబెట్టిన బండి కిందకి ఎవరూ దూరకూడదు. జాకీ ఎత్తడానికే గాని మొయ్యడానికి కాదు. కింద గట్టి స్టాండు పెట్టాలి.

హాస్టల్లోనే నేర్చుకోవచ్చు

దీనికి కారు అక్కర్లేదు. మన మంచాలే చాలు. ఈ ఆదివారం ఒక మంచం తీసుకోండి. ఒకరు కూర్చుని ఊగాలి, ఒకరు రబ్బరు పైపుతో నాలుగు మూలలూ వినాలి. ఏ బోల్టు అరుస్తోందో గుర్తించి సుద్దతో గీత పెట్టండి. బిగించి చూడండి. తగ్గకపోతే విప్పి సైకిలు ట్యూబు ముక్కను వాషరులా కత్తిరించి మధ్యలో పెట్టి బిగించండి. ఇనుము ఇనుముతో రాసుకోవడం ఆగుతుంది, కిర్రు కూడా ఆగుతుంది. వార్డెన్ గారు ఒక పానా, పాత ట్యూబు ఇప్పిస్తే ఒక్క నెలలో మన గదులన్నీ నిశ్శబ్దం చేస్తామని ఈ పత్రిక ద్వారా మనవి చేసుకుంటున్నాము. వంటశాల తలుపును మాత్రం అలాగే వదిలేయమని కొందరు మిత్రుల కోరిక!

చివరి మాట

వెతకడానికి ముందు నూనె పోయకండి. మొదట వినండి, తర్వాత చూడండి, ఏ రెండు వస్తువులు రాసుకుంటున్నాయో తేల్చుకోండి, ఆ తర్వాతే మందు. తలుపు రబ్బరు కిర్రయితే పౌడరు అద్ది నవ్వుకోవచ్చు. కమానో, బ్రేకో అయితే ఆ బండిని ముందుకి పోనివ్వకూడదు.

సెలవులకు వెళ్ళేటప్పుడు జీపులో కొత్త చప్పుడు వినిపిస్తే సిగ్గుపడకుండా అడగండి. “అన్నా, వెనక కుడివైపు గోతిలో దిగినప్పుడల్లా కిర్రుమంటోంది, ఒకసారి కమాను చూడవా” అనండి. ఊరికే చప్పుడొస్తోంది అంటే ఎవరూ పట్టించుకోరు. ఎక్కడ, ఎప్పుడు, ఎలాంటిది అని చెబితే ఏ డ్రైవరన్న అయినా బండి దిగి చూస్తాడు.

ఇట్లు,
మీ తోటి విద్యార్థి, 10వ తరగతి